ఒక్క సాయంత్రం, ఒక్క పబ్బు: యూరప్ ఊళ్లలో మంచి బీరు దొరకబుచ్చుకోవడం

నా పని ప్యాకింగ్ యంత్రాలు బిగించడం. యంత్రం ఏ ఊరికి అమ్ముడైతే ఆ ఊరు వెళ్లాలి. నాలుగైదు రోజులుండి అది సరిగ్గా తిరిగేదాకా చూసి రావాలి. పన్నెండేళ్లుగా ఇదే బతుకు. కాబట్టి యూరప్‌లో చాలా ఊళ్లను నేను పగటిపూట చూడనేలేదు. నాకు చిక్కేది ఏ ఒక్క సాయంత్రమో, అదీ ఆరున్నర నుంచి పదింటి దాకా. ఒక్కణ్నే ఉంటాను. మర్నాడు ఏడింటికల్లా ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడాలి. అందుకని ఊరికి ఒక పబ్బు, మహా అయితే రెండు. తప్పు పబ్బులో కూర్చుంటే ఆ ఊరు చేజారినట్టే.

మొదట్లో చాలా ఊళ్లు అలాగే చేజార్చుకున్నాను. బ్రస్సెల్స్‌కి మొదటిసారి వెళ్లినప్పుడు ఊరి నడిబొడ్డు కూడలి గ్రాండ్ ప్లాస్ దగ్గర ఒక బార్లో దూరాను. పేరు ఎందుకులెండి. లావుపాటి పుస్తకమంత మెనూ చేతిలో పెట్టారు. అందులో నాకు తెలిసిన మాట ఒక్కటే కనిపించింది, ఐపీఏ, అంటే చేదు ఎక్కువుండే ఒక రకం బీరు. అదే చెప్పాను. మంచులా చల్లటి సీసా వచ్చింది. తాగితే తడిసిన అట్టపెట్టె రుచి. సీసా వెనక చూస్తే నింపి పద్నాలుగు నెలలైంది. పైగా అది బెల్జియంలో చేసింది కూడా కాదు. ఆ బార్ని తిట్టుకుంటూ గదికి వచ్చాను గానీ, సగం తప్పు నాదేనని తర్వాత అర్థమైంది. గూజ్ అనే పుల్లటి బీరు పుట్టిన ఊళ్లో కూర్చుని పరాయి దేశపు ఐపీఏ అడిగిన మనిషికి ఇంకేం దొరుకుతుంది?

అప్పటి నుంచి నా వరస మార్చుకున్నాను. మంచి పబ్బు ఎక్కడుందని ముందుగా వెతకను. ఈ ఊరు ఏం తాగుతుంది అని వెతుకుతాను. అది తెలిస్తే పబ్బులు వాటంతటవే బయటపడతాయి.

ఊరికి సొంత బీరు ఉంటే

యూరప్‌లో కొన్ని ఊళ్లకు తమదంటూ ఒక బీరు ఉంది. అది అక్కడే తాజాగా ఉంటుంది, అక్కడే చవక, దాన్ని పోయడం కూడా అక్కడివాళ్లకే బాగా వచ్చు. అలాంటి ఊళ్లో ముప్పై కుళాయిల కొత్త తరహా బార్‌కి వెళ్లడం రెండో రోజు పని. ఒక్క సాయంత్రమే ఉంటే అసలు వద్దు.

బ్రస్సెల్స్‌నే తీసుకోండి. అక్కడిది లాంబిక్. దానికి ఈస్టు కలపరు. మరిగించిన ద్రవాన్ని వెడల్పాటి తొట్టిలో చల్లారబెడితే గాల్లో ఉండే సూక్ష్మజీవులే వచ్చి పులియబెడతాయి. అందుకే చలికాలంలోనే చేస్తారు. తర్వాత చెక్క పీపాల్లో ఏళ్లతరబడి ఉంచుతారు. ఒక ఏడాదిది, రెండేళ్లది, మూడేళ్లది కలిపి సీసాలో పోసి మళ్లీ పులియనిస్తే గూజ్. రుచి పుల్లగా, నాలుక పిండేసేలా ఉంటుంది. మొదటి గుక్కకి ముఖం చిట్లించనివాళ్లను నేను చూడలేదు. రెండో గ్లాసుకి వద్దన్నవాళ్లనూ పెద్దగా చూడలేదు. 1900లో మొదలైన కాంతియోఁ బ్రూవరీ బ్రస్సెల్స్ మిడి స్టేషన్ నుంచి నడిచి వెళ్లే దూరంలోనే ఉంది. పాత యంత్రాలు, పీపాలు, సాలెగూళ్లతో సహా చూడొచ్చు, చివర్లో రుచి చూపిస్తారు. అది పగటిపూట నడిచే చోటు కాబట్టి నాకు ఒక శనివారం రైలు ఆలస్యమైతే గానీ కుదరలేదు. సాయంత్రానికైతే ఫాంటెనా కూడలిలో మూడర్ లాంబిక్ అనే బార్ ఉంది. అక్కడ పనిచేసేవాళ్లు మనల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పినంత ఓపిగ్గా చెబుతారు.

గూజ్ కొనేటప్పుడు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. సీసా మీద డచ్‌లో 'అవ్‌దె' అనో, ఫ్రెంచ్‌లో 'వియెయ్' అనో ఉండాలి. రెండింటికీ 'పాత' అనే అర్థం. ఆ మాట ఉంటే పాత పద్ధతిలో చేసిన అసలు సరుకు. లేకపోతే చాలావరకు తీపి కలిపిన సరుకే.

ఇక జర్మనీలోని కొలోన్. అక్కడ మీరు పబ్బు వెతకక్కర్లేదు, కూర్చోవడం తెలిస్తే చాలు. అక్కడి బీరు క్యోల్ష్. అది 200 మిల్లీలీటర్ల సన్నటి గ్లాసులో వస్తుంది. 'ఇంత చిన్నదా' అనుకునేలోపు అయిపోతుంది, అయిపోయేలోపు ఇంకోటి వస్తుంది. తెచ్చే మనిషిని క్యోబెస్ అంటారు. అతను మిమ్మల్ని అడగడు. గ్లాసు కింది అట్టముక్క మీద పెన్సిలుతో ఒక గీత గీసి పోతాడు. చాలనుకుంటే ఆ అట్టముక్క గ్లాసు మీద మూతలా పెట్టాలి. ఇది తెలియక మొదటిసారి నేను మర్యాదకి ప్రతిదీ ఖాళీ చేస్తూ పోయాను. పదకొండు గీతలు. మర్నాడు ఆ యంత్రం ఎలా బిగించానో నాకూ ఆ యంత్రానికే తెలుసు. క్యోబెస్‌లు కాస్త పెడసరంగా మాట్లాడతారు, అదొక సంప్రదాయం, మనసులో పెట్టుకోకండి. క్యోల్ష్ బదులు నీళ్లు అడిగితే మాత్రం మీ మీద ఒక జోకు పడుతుంది. ఫ్రీజెన్‌స్ట్రాసెలోని పేఫ్‌గెన్‌లో బీరు ఇప్పటికీ చెక్క పీపాల నుంచి వస్తుంది. నేను కొలోన్ వెళ్తే అక్కడే.

శాకాహారులకు ఒక మాట. అక్కడి మెనూలో 'హాల్వర్ హాన్' అని ఉంటుంది. మాటకి మాట చూస్తే సగం కోడిపుంజు. నాతో వచ్చిన ఒక శాకాహారి మిత్రుడు అది చదివి భయపడి, రెండు గంటలు ఖాళీ కడుపుతో తాగాడు. నిజానికి అది రై పిండి రొట్టె, మందపాటి చీజు ముక్క, ఆవాల ముద్ద. కోడి ఛాయ కూడా ఉండదు.

నలభై కిలోమీటర్ల అవతల డ్యూసెల్‌డోర్ఫ్. అక్కడిది రాగిరంగు ఆల్ట్‌బీర్, కాస్త చేదు ఎక్కువ. పాత ఊళ్లోని ఊరిగె పబ్బు బయట నిలబడి తాగేవాళ్ల గుంపే మీకు దారి చూపిస్తుంది. ఈ రెండు ఊళ్లకూ ఒకదాని బీరంటే ఒకదానికి పడదు. డ్యూసెల్‌డోర్ఫ్‌లో క్యోల్ష్ అడగడం హాస్యానికైనా బాగుండదు. నేను అడిగి చూశాను.

జర్మనీలోనే ఉన్న బాంబర్గ్‌లో పొగబీరు. బీచ్ అనే చెట్టు కట్టెల పొగ మీద మాల్ట్‌ని, అంటే మొలకెత్తించిన ధాన్యాన్ని, ఆరబెట్టి చేస్తారు. ష్లెంకెర్లా పబ్బులో మొదటి గ్లాసు తాగితే పొయ్యి పక్కన కూర్చున్నట్టుంటుంది. అది నచ్చలేదని అక్కడితో లేచిపోవద్దు. అక్కడివాళ్లే చెబుతారు, రుచి తెలియడానికి రెండు మూడు గ్లాసులు పడుతుందని. నాకు రెండోది సగంలో ఉండగా నచ్చింది. దాని చుట్టుపక్కల పల్లెల్లో ఊరికొక బ్రూవరీ అన్నట్టుంటుంది. కానీ వెళ్లేముందు 'రూహెటాగ్' ఎప్పుడో చూసుకోండి. అంటే వారంలో సెలవు రోజు. ఒక సోమవారం నేను గంట బస్సులో వెళ్లి, మూసిన తలుపు మీద ఆ మాట చదివి, మళ్లీ బస్సు వచ్చేదాకా గంటన్నర చర్చి మెట్ల మీద కూర్చున్నాను.

ప్రాగ్ గురించి కాస్త ఎక్కువ

చెక్ రాజధాని ప్రాగ్‌లో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. చవగ్గా దొరుకుతుంది కదా అని ఎక్కడపడితే అక్కడ తాగేస్తారు. అక్కడ ఒకే బీరు పక్కపక్క పబ్బుల్లో రెండు వేరు వేరు బీర్లలా ఉంటుంది. తేడా అంతా పోసే మనిషి చేతిలోనూ, దాన్ని నిల్వ చేసిన తీరులోనూ ఉంది. 1842 నుంచి వస్తున్న పిల్జ్‌నర్ ఉర్క్వెల్‌నే కొన్నిచోట్ల పాశ్చరైజ్ చేయకుండా పెద్ద ట్యాంకుల్లో తెచ్చి పోస్తారు. అలాంటి చోటుని తంకోవ్నా అంటారు. గోడ మీద ఆ మాట కనిపిస్తే లోపలికి వెళ్లొచ్చు. లోకాల్ పేరుతో ఉన్న పబ్బుల్లో ఇది బాగుంటుంది, వాటిలో ద్లౌహా వీధిది పొడవాటి హాలు.

అక్కడ నురగ కూడా బీరే. గ్లాసులో మూడు వేళ్ల నురగ ఉందని గొడవపడకండి. తడిగా, మీగడలా ఉండే ఆ నురగే కింది బీరుని కాపాడుతుంది. ఒకే బీరుని మూడు రకాలుగా పోస్తారు. మామూలుగా పోసేది హ్లదింకా. బీరు తక్కువ, నురగ ఎక్కువగా ఇచ్చేది ష్నిత్. దాదాపు అంతా నురగే అయితే మ్లీకో, అంటే పాలు. అది తియ్యగా ఉంటుంది, గబగబా తాగేయాలి. మీరు మ్లీకో అడిగితే పోసేవాడు ఒకసారి తలెత్తి మిమ్మల్ని చూస్తాడు. అప్పటి నుంచి మీ గ్లాసు మీద ఇంకాస్త శ్రద్ధ పెడతాడని నా అనుమానం.

బోర్డు మీద 10, 11, 12 అని డిగ్రీలు కనిపిస్తాయి. అది ఆల్కహాల్ శాతం కాదు, పులియక ముందు ఆ ద్రవంలో ఎంత చక్కెర ఉందన్న లెక్క. అటూ ఇటూగా పదిది నాలుగు శాతం, పన్నెండుది ఐదు శాతం దరిదాపు. పన్నెండు శాతం అనుకుని భయపడి బయటికి పోయినవాళ్లు నాకు తెలుసు.

పాత ఊళ్లోని ఊ జ్లతేహో తిగ్రకి, అంటే బంగారు పులికి, 1994లో చెక్ అధ్యక్షుడు హావెల్ తన అతిథి, అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌ని తీసుకెళ్లాడు. మధ్యాహ్నం మూడింటికి తెరుస్తారు. తెరిచిన కాసేపటికే రోజూ వచ్చేవాళ్లతో నిండిపోతుంది. ఒక్కరే వెళ్తే ఏదో ఒక బల్ల చివర చోటు దొరుకుతుంది, నలుగురు వెళ్తే దొరకదు. ఒంటరి ప్రయాణానికి ఉన్న కొద్దిపాటి లాభాల్లో ఇదొకటి. చిన్న బ్రూవరీల బీర్లు కావాలంటే మటుకు నూస్లె పేటలో జ్లీ చాసీ అనే పబ్బు ఉంది. పేరుకి అర్థం 'చెడ్డ రోజులు'.

చెక్ పబ్బుల్లో ఎవరి బల్ల దగ్గరైనా ఖాళీ ఉంటే అడిగి కూర్చోవచ్చు. అట్టముక్క మీ ముందు పెట్టుకుంటే బీరు కావాలని అర్థం. చిన్న కాగితం మీద గీతలు గీస్తారు. దాన్ని పారేయకండి, మడవకండి, దాని మీద రాయకండి. అదే మీ బిల్లు.

సొంత బీరు లేని ఊళ్లు

రోమ్, కోపెన్‌హాగెన్, ఆమ్‌స్టర్‌డామ్, వార్సా లాంటి చోట్ల కథ వేరు. అక్కడ ఊరి బీరు అంటూ ఒకటి ఉండదు, ఒక తరం మనుషులు పట్టుబట్టి తెచ్చిన మార్పు ఉంటుంది. ఇలాంటి చోట్లే క్రాఫ్ట్ బీరు, అంటే చిన్న బ్రూవరీల బీరు, పోసే బార్‌లు వెతకాలి.

వెతికేటప్పుడు ఇంగ్లీషులో వెతక్కండి. ఇంగ్లీషులో వెతికితే ఇంగ్లీషువాళ్ల కోసం పెట్టిన బార్‌లే వస్తాయి. ఇటలీలో 'బిర్రా ఆర్తిజనాలె' అని వెతకండి. అక్కడ ఆ మాటకి 2016 నుంచి చట్టంలో అర్థం ఉంది: స్వతంత్రంగా నడిచే చిన్న బ్రూవరీలో, ఏడాదికి రెండు కోట్ల లీటర్లకు మించకుండా, పాశ్చరైజ్ చేయకుండా, మైక్రోఫిల్టర్ పట్టకుండా చేసిన బీరు. పోలండ్‌లో 'మల్టీట్యాప్' అంటే చాలు, చాలా కుళాయిల బార్ అని. డచ్‌వాళ్ల దగ్గర 'ప్రూఫ్‌లోకాల్', అంటే రుచిచూసే చోటు. జర్మనీలో 'హౌస్‌బ్రావెరాయ్', అక్కడే చేసి అక్కడే పోసేది. హంగరీలో 'కేజ్‌మూవెష్ ష్యోర్'. ఫ్రాన్స్‌లో 'బియేర్ ఆర్తిజనాల్'. వీటిని ఆ భాష లిపిలో ఫోనులో రాసిపెట్టుకోండి.

మ్యాప్‌లో చుక్కల మార్కులు నేను పెద్దగా పట్టించుకోను. తక్కువ మార్కులిచ్చినవాళ్లు ఏం రాశారో చదువుతాను. 'మామూలు బీరు లేదు', 'టీవీ లేదు', 'పాటలు లేవు', 'తినడానికి వేరుశనగలు తప్ప ఏం లేవు' అని ఎవరైనా తిట్టి ఉంటే సగం పని అయిపోయినట్టే. తర్వాత ఫోటోలు. కుళాయిల బోర్డు ఫోటోలు తేదీల వారీగా చూడాలి. ఈ నెల బోర్డు, ఆర్నెల్ల కిందటి బోర్డు ఒకేలా ఉంటే అక్కడ ఏదీ మారడం లేదు. ప్రతి ఫోటోలోనూ సుద్దతో చెరిపి రాసిన మరకలుంటే మంచి సూచన.

2010లో వచ్చిన, జనం తాము తాగిన బీర్లు రాసి మార్కులిచ్చే అన్‌టాప్డ్ యాప్ పనికొస్తుంది, కానీ దాన్ని చూడాల్సిన పద్ధతి వేరు. అందులో జనం పదకొండు శాతం ఆల్కహాలున్న స్టౌట్ అనే నల్ల బీర్లకీ, మబ్బుపట్టినట్టుండే ఐపీఏలకీ మార్కులు గుప్పిస్తారు. ఎంత బాగా పోసినా రోజూ తాగే మామూలు లాగర్ బీరుకి మార్కులు పడవు. కాబట్టి మార్కులు వదిలేసి, ఆ పబ్బులో ఈ మూడు రోజుల్లో ఎవరెవరు ఏమేం తాగారో చూడండి. పది మంది పది రకాలు తాగి ఉంటే పీపాలు వేగంగా ఖాళీ అవుతున్నట్టు.

రోమ్‌లో త్రస్తేవెరె పేటలో 2001 నుంచి ఉన్న 'మా కె సియెతె వెనూతి ఆ ఫా' నాకు బాగా ఇష్టం. 'అసలెందుకొచ్చారు మీరు' అని దాని అర్థం, ఫుట్‌బాల్ మైదానంలో ఎదుటి జట్టు అభిమానుల్ని ఏడిపించే అరుపు. లోపల పదిమంది నిలబడితే నిండిపోతుంది, మిగతావాళ్లంతా వీధిలోనే. కోపెన్‌హాగెన్‌లో వెస్టర్‌బ్రో పేటలో మికెల్లర్ బ్రూవరీ మొదటి బార్ 2010లో తెరిచారు. దాన్ని మొదలుపెట్టినాయన అంతకుముందు బళ్లో లెక్కలు, సైన్సు చెప్పేవాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో హేరెన్‌గ్రాక్ట్ కాలువ ఒడ్డున అరెన్స్‌నెస్ట్‌లో డచ్ బీర్లు తప్ప ఇంకోటి పోయరు. ఆ పట్టుదల నాకు నచ్చుతుంది. పగలు ఖాళీ ఉంటే గాలిమర పక్కనున్న బ్రౌవరై ఎట్ ఐకి వెళ్లండి, 1985 నుంచి అక్కడే చేస్తున్నారు. వార్సాలో ఎక్కడైనా 'గ్రోజిస్కె' కనిపిస్తే వదలొద్దు. పొగ పట్టిన గోధుమతో చేసే పల్చటి బీరు, మూడు శాతం పైచిలుకు అంతే. 1993లో తయారీ ఆగిపోయి 2015లో మళ్లీ పుట్టిన ఊళ్లోనే మొదలైంది. స్టాక్‌హోమ్‌లో స్లుసెన్ అనే చోటు దగ్గర అక్కురాట్ పబ్బు. ధరలు చూసి గుండె పట్టుకోకండి.

కుళాయిలు లెక్కపెట్టండి, మనుషుల్నీ లెక్కపెట్టండి

ఎక్కువ కుళాయిలుంటే మంచి పబ్బు అనుకునేవాణ్ని. ఇంగ్లండ్‌లో ఒక పెద్దాయన నాకు లెక్క నేర్పాడు. షెఫీల్డ్‌లో యంత్రం బిగిస్తున్నప్పుడు ఫ్యాక్టరీ స్టోర్‌లో ఉండేవాడాయన.

ఇంగ్లండ్ పబ్బుల్లో చేతిపంపుతో లాగి పోసే బీరుని కాస్క్ ఏల్ అంటారు. అది పీపాలో ఇంకా బతికే ఉంటుంది, అంటే పులుస్తూనే ఉంటుంది. పీపాకి కుళాయి కొట్టాక గాలి లోపలికి పోతుంది, కాబట్టి సుమారు మూడు రోజుల్లో అయిపోవాలి. మామూలు పీపా తొమ్మిది గ్యాలన్లు, అంటే అరలీటరుకి పైగా పట్టే పైంట్లు 72. మూడు రోజుల్లో 72 అంటే రోజుకి 24. ఒక పబ్బులో ఎనిమిది చేతిపంపులుంటే అన్నీ తాజాగా ఉండడానికి రోజుకి 190కి పైగా పైంట్లు కదలాలి. మంగళవారం రాత్రి ఎనిమిదింటికి లోపల ఆరుగురే ఉన్నారనుకోండి, ఆ ఎనిమిదిలో కనీసం నాలుగు పులిసిపోయి ఉంటాయి. అదే ఖాళీ పబ్బులో రెండే పంపులుంటే నిశ్చింతగా కూర్చోవచ్చు. ఈ లెక్క నేర్చుకున్నాక గుమ్మంలోంచే తేలిపోతుంది.

కాస్క్ ఏల్‌ని కాపాడుకోవడానికి అక్కడ తాగేవాళ్లే 1971లో కామ్రా అనే సంఘం పెట్టుకున్నారు. వాళ్లు ఏటా వేసే గుడ్ బీర్ గైడ్ ఇప్పటికీ ఇంగ్లండ్ చిన్న ఊళ్లలో నాకు అన్ని యాప్‌ల కంటే పనికొస్తుంది. ఆ పెద్దాయన నన్ను పంపింది షెఫీల్డ్ కెల్హామ్ ఐలండ్ టావర్న్‌కి. కామ్రా దాన్ని 2008, 2009లో వరసగా దేశంలోకెల్లా ఉత్తమ పబ్బుగా ఎంచింది. రైలుకి టైమ్ లేకపోతే షెఫీల్డ్ స్టేషన్లోనే షెఫీల్డ్ ట్యాప్ ఉంది. లండన్‌లో యూస్టన్ స్టేషన్ ముందు 1870 నాటి రాతి గదుల్లో యూస్టన్ ట్యాప్ ఉంది. స్టేషన్లో మంచి బీరు దొరకదన్న నమ్మకం ఇంగ్లండ్‌లో పక్కన పెట్టండి.

కాస్క్ ఏల్ పదకొండు నుంచి పదమూడు డిగ్రీల దగ్గర ఇస్తారు. వెచ్చగా ఉందని గొడవపడకండి. కానీ వెనిగర్‌లా పుల్లగా ఉంటే మాత్రం మొహమాటపడకుండా, ఒక గుక్కతోనే ఆపి, బార్ దగ్గరికి తీసుకెళ్లి మెల్లగా చెప్పండి. మంచి పబ్బులో వేరేది పోస్తారు. అక్కడ ఏం జరుగుతుందన్న దాన్ని బట్టే ఆ పబ్బు ఎలాంటిదో తెలుస్తుంది. గ్లాసు మొత్తం తాగేసి ఫిర్యాదు చేస్తే ఎవరూ వినరు.

ఇక్కడ బెల్జియం సంగతి మళ్లీ చెప్పాలి, లేకపోతే ఈ లెక్కని అక్కడ కూడా వేసేస్తారు. గాఢమైన బెల్జియన్ బీర్లు సీసాలో ఏళ్లపాటు ఉన్నా చెడవు, కొన్ని ఇంకా బాగవుతాయి. బ్రూజ్‌లో 1983 నుంచి ఉన్న ఎట్ బ్రూగ్స్ బేర్చెలో ఆ పెద్ద జాబితా చూసి భయపడక్కర్లేదు. నేను మొదట దెబ్బతిన్నది జాబితా పెద్దదని కాదు. ఏది నిల్వ ఉంటుందో, ఏది ఉండదో తెలియక. హాప్స్ అనే చేదు పూల ఘాటున్న ఐపీఏలు తాజాగా తాగాలి, సీసా మీద నింపిన తేదీ చూసి మూడు నెలలు దాటితే నేను ముట్టుకోను.

గుమ్మం దగ్గర రెండు నిమిషాలు

లోపలికి వెళ్లగానే కూర్చోను. టాయిలెట్ ఎక్కడని అడిగే మనిషిలా ఒకసారి అటూ ఇటూ చూస్తాను. ఇతరుల గ్లాసులు చూడాలి. తాగినకొద్దీ గ్లాసు లోపల నురగ వలయాలు వలయాలుగా అంటుకుని ఉంటే గ్లాసు శుభ్రం. గ్లాసు గోడలకి బుడగలు అతుక్కుని కదలకుండా ఉంటే సరిగ్గా కడగలేదు. సీసాలు కిటికీలో ఎండకి పెట్టి ఉంటే వెనక్కి తిరగడమే. ఎండ తగిలిన బీరు కంపు కొడుతుంది, ఆకుపచ్చ సీసాలైతే ఇంకా త్వరగా. బోర్డు మీద బీరు పేరు, చేసినవాళ్ల పేరు, శాతం, ధర, ఎన్ని మిల్లీలీటర్లకో, ఇవన్నీ రాసి ఉండాలి. శాతం రాయని బోర్డుని నేను నమ్మను.

ధర చూసేటప్పుడు కొలత చూడండి. పక్కపక్కనే రాసిన రెండు ధరల్లో ఒకటి 20 సెంటీలీటర్లకీ ఇంకోటి 40కీ కావచ్చు. కోపెన్‌హాగెన్‌లో చవగ్గా ఉందని మురిసిపోయి కళ్లజోడు పెట్టుకున్నాక నాకు అర్థమైంది.

నచ్చకపోతే బయటికి వచ్చేయండి. ఏమీ ఆర్డర్ చేయకుండా వెళ్లడానికి మనకి మొహమాటం ఎక్కువ. ఆ మొహమాటంతోనే నేను ఎన్ని చెత్త పైంట్లు తాగానో.

కూర్చున్నాక చిన్న కొలత అడగండి. ఇంగ్లండ్‌లో పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, కానీ సగం, మూడో వంతు కూడా చట్టప్రకారం పోస్తారు, 2011 నుంచి మూడింట రెండు వంతులు కూడా ఉంది. రుచికి ఒక గుటక పోయమని అడగొచ్చు, రెండుసార్లు అడగొచ్చు, మూడోసారి అడిగితే ఏదో ఒకటి కొనాలి. ఇంగ్లండ్‌లో ఎవరో వచ్చి అడిగే వరకు ఆగకుండా బార్ దగ్గరికి మనమే వెళ్లాలి. అక్కడ వరస కనిపించదు గానీ ఉంటుంది, ఎవరు ముందొచ్చారో అందరికీ తెలుసు. జర్మనీలో, చెక్‌లో అయితే బల్ల దగ్గరే కూర్చోవాలి. 'స్టామ్‌టిష్' అని చిన్న బోర్డున్న బల్ల దగ్గర మాత్రం కూర్చోకండి. అది రోజూ వచ్చే ముసలాళ్లది, ఖాళీగా కనిపించినా ఖాళీ కాదు.

తేలికవాటితో మొదలుపెట్టి గాఢమైనవాటికి వెళ్లండి. ముందే పన్నెండు శాతం స్టౌట్ తాగితే తర్వాత ఎంత మంచి లాగర్ పోసినా నీళ్లలాగే ఉంటుంది. ఇంగ్లండ్‌లో కుళాయి నీళ్లు అడిగితే ఊరికే ఇవ్వాలి, చట్టం. బెల్జియం, జర్మనీల్లో చాలాచోట్ల సీసా కొనుక్కోవాలి. కొన్నిసార్లు బీరు కంటే నీళ్లే ఖరీదు, అయినా కొనండి. తినడానికి ప్రాగ్‌లో నూనెలో ఊరబెట్టిన హెర్మెలీన్ చీజు, బ్రస్సెల్స్‌లో ఆవాల ముద్దతో చీజు ముక్కలు, మునిక్‌లో ఓబాట్స్‌డా అనే చీజు ముద్ద. మాంసం లేకుండా ఒక సాయంత్రం గడిచిపోతుంది.

డబ్బు సంగతి ఒక్క ముక్కలో: జర్మనీ, చెక్ పాత పబ్బులకి నోట్లు పట్టుకెళ్లండి, కోపెన్‌హాగెన్, స్టాక్‌హోమ్, ఆమ్‌స్టర్‌డామ్‌లకి కార్డు. కొన్నిచోట్ల అసలు నోట్లే తీసుకోరు. బండి నడపాల్సి ఉంటే ఈ వ్యాసం అవతల పెట్టండి. చెక్‌లో నడిపేవాడి ఒంట్లో ఒక్క చుక్క కూడా ఉండకూడదు.

ఇక అన్నిటికంటే నాకు ఎక్కువ పబ్బులు దొరికిన దారి. రెండో గ్లాసు అయ్యేటప్పటికి, రద్దీ లేకపోతే, పోసే మనిషిని ఒక మాట అడుగుతాను: 'నీకు సెలవున్న రోజు ఎక్కడ తాగుతావు?' మంచి పబ్బు ఏదని అడిగితే అందరికీ చెప్పే పేరే చెబుతారు. సెలవు రోజు అనేసరికి ఒక్క క్షణం ఆలోచిస్తారు. తర్వాత అట్టముక్క తిప్పి దాని వెనక ఒక వీధి పేరు రాస్తారు. పక్క ఊరిది కూడా అడగండి, ఎందుకంటే బీరు చేసేవాళ్లు, పోసేవాళ్లు ఒకళ్లకొకళ్లు తెలిసే ఉంటారు. నా టూల్ బ్యాగు లోపలి జేబులో ఇలాంటి అట్టముక్కలు ఇరవై దాకా ఉన్నాయి. సగం ఊళ్లకి ఇంకా పని పడలేదు.

చివరి గ్లాసు ఎలా అడగాలో కూడా చెప్పేస్తాను. బాంబర్గ్ వైపు లేచేముందు 'ష్నిట్' అనండి. ప్రాగ్ ష్నిత్ అన్న మాట వచ్చింది కూడా దీన్నుంచే. అదే గ్లాసులో సుమారు సగం బీరు, మిగతాది నురగతో పోసిస్తారు. ఇంకోటి తాగాలని ఉంది, తాగకూడదని కూడా ఉంది అన్న పరిస్థితి వాళ్లకి బాగా తెలుసు. నేను తొమ్మిదిన్నరకి అడుగుతాను. పదింటికి గదిలో ఉంటాను, అలారం ఐదున్నరకి.